ఊదింది ఊదినట్టే

విష్ణుపురి ఆనకట్ట నీళ్ల మీద ప్రతి బుధవారం తెరచాప పడవల పందెం జరుగుతుందంటే నాందేడులో పుట్టి పెరిగినవాళ్లే నమ్మరు. సముద్రమా పాడా, ఇక్కడ పడవల పందెమేమిటని నవ్వుతారు. నవ్వేవాళ్లతో మార్కండేయ ఎన్నడూ వాదించలేదు. "ఒక్క బుధవారం వచ్చి చూడుండ్రి. గప్పుడు నవ్వుకోండ్రి" అనేవాడు. అలా వచ్చినవాళ్లకు చాయ్ గ్లాసు చేతికిచ్చి ఒడ్డున రాయి మీద కూర్చోబెట్టేవాడు. పందెం ముగియకముందే లేచిపోయినవాళ్లు తక్కువ.

బుధవారమే ఎందుకంటే, చేపలు కొనే బేపారి గురువారం రాడు. ఆయన రాడు కాబట్టి ముందురోజు సాయంత్రం వలలు వేయరు. వలలు వేయరు కాబట్టి నీళ్లు ఖాళీ. అంతే, ఇందులో ముహూర్తాలూ లేవు, మొక్కులూ లేవు.

మార్కండేయకు అరవై ఎనిమిదేళ్లు. పద్మశాలి ఇంటివాడు. ఇరవై రెండేళ్లు మిల్లులో నూలు వడికే విభాగంలో పనిచేశాడు. అక్కడ గాలిలో తడి తగ్గితే దారం పుటుక్కున తెగుతుంది. అందుకని పొద్దున గేటు దాటగానే అరచెయ్యి గాల్లోకి చాపి, ఇవాళ ఎన్ని దారాలు తెగుతాయో చెప్పడం అలవాటైంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ లెక్క ఎప్పుడూ పెద్దగా తప్పేది కాదు. ఒకరోజు మిల్లు గేటుకు తాళం పడింది. "ఎనిమిది దినాలే. మరమ్మత్తు" అన్నారు. ఆ ఎనిమిది రోజులు మొదలై ఇరవై ఏళ్లు దాటింది. గేటు మళ్లీ తెరుచుకోలేదు.

తర్వాత విష్ణుపురి ఒడ్డున పడవల షెడ్డుకు కాపలాదారుగా కుదిరాడు. వేసవి శిబిరాల్లో పిల్లలకు తెరచాప పడవ నేర్పేవాళ్లు. నేర్పే నిలేశ్ సర్ నేవీలో చేసి వచ్చిన మనిషి. పిల్లలు లేనప్పుడు కాపలాదారును కూర్చోబెట్టుకుని నీళ్ల మీదికి పోయేవాడు. గాలి ఎటుంటే అటు పోవడం కాదు, గాలికి ఎదురుగా వంకర్లు తిరుగుతూ పైకి ఎక్కడం ఎలాగో చూపించాడు. మార్కండేయకు మతిపోయింది. ఇన్నేళ్లూ దారం తెంపిన గాలి ఇప్పుడు తనను మోసుకుపోతోంది! శిబిరాలు ఆగిపోయి నిలేశ్ సర్ వెళ్లిపోతూ ఒక్కటే చెప్పాడు. "కట్టె పడవకు నీళ్లు తగలకపోతే పగిలిపోతది. వీటిని ఎండనియ్యకు." చేతిలో పెట్టిన ఇనుప ఈల ఇప్పటికీ మార్కండేయ మెడలో ఉంది.

మొదటి తెరచాప కుట్టింది ఆయన భార్య వత్సల. అబ్బో, ఆ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. నేత ఇంట్లో పుట్టి, నేత ఇంట్లో మెట్టిన మనిషి కొత్త గుడ్డను గంజి పెట్టకుండా వదులుతుందా? గోలెం నిండా బియ్యపు గంజి కాచి, తెరచాప ముంచి, ఎండలో పలకలా ఆరబెట్టింది. నిజంగానే బ్రహ్మాండంగా గాలి పట్టింది. పడవ దూసుకుపోయింది. నడినీళ్లలోకి పోయాక జల్లు పడింది. గంజి కరిగి మార్కండేయ నెత్తి మీద ధారలు కట్టింది. తెరచాప తడిసిన ధోతిలా వేలాడింది. చేపలు విందుకు పిలిచినట్టు పడవ చుట్టూ మూగాయి. పక్కన వల వేస్తున్న జనాబాయి పడీ పడీ నవ్వి, "మామా, రేపు గూడ గిట్లనే రా. నాకు ఎర ఖర్చు తప్పుతది!" అంది. తాడు విసిరి ఒడ్డుకు లాగింది కూడా ఆమే. వలలు వేయని బుధవారం నాడు తన చేపల పడవకు వెదురు నిలబెట్టి, టార్పాలిన్ కట్టుకుని వచ్చి, "నాకు గూడ నేర్పు" అంది.

అలా మొదలైన పందెంలో ఇప్పుడు అయిదు పడవలు, జనాబాయి చేపల పడవ తప్ప అన్నీ షెడ్డువే. మోటార్లకు తీగ చుట్టే కైలాశ్‌ది ఒకటి, బడి పంతులు మారోతిది ఒకటి, ఒడ్డు పక్క ఊరి అన్నదమ్ములిద్దరివి రెండు, జనాబాయిది ఒకటి. గెలిస్తే డబ్బూ లేదు, కప్పూ లేదు. మిల్లు నుంచి మార్కండేయ తెచ్చుకున్న కట్టె కండె ఒకటుంది, ఎర్రదారం చుట్టినది. గెలిచినవాళ్లు దాన్ని వారం రోజులు తమ తెరకొయ్యకు కట్టుకుంటారు. ఆఖరున వచ్చినవాళ్లు వచ్చే బుధవారం అందరికీ చాయ్ తెస్తారు.

అక్కడి గాలి సంగతి చెప్పాలి. పొద్దు వాలేవేళ విష్ణుపురి గాలికి నిలకడ ఉండదు. పడమటి నుంచి వీస్తూ వీస్తూ చటుక్కున ఆగుతుంది, కాసేపటికి ఒడ్డు మీది నుంచి వీస్తుంది. అందుకని మార్కండేయ ముందుగా నూలుపోగు వేలికి కట్టుకుని నిలబడతాడు. అది వాలిన వైపు చూసి, పడవలు రెండుసార్లు చుట్టి రావాల్సిన పసుపు డబ్బాను నీళ్లలో ఎక్కడ వెయ్యాలో చెబుతాడు. మొదటి పరుగు గాలికి ఎదురుగానే ఉండాలని ఆయన పట్టు. "గాలి ఎంబడి పోవుడు ఎండుటాకుకు గూడ వస్తది" అంటాడు. మొదలుపెట్టేలోపు గాలి మళ్లితే తువ్వాల గుంజకు కడతాడు. తువ్వాల కనబడితే ఎంతసేపైనా సరే ఆగాల్సిందే. చివరి గీత ఒడ్డున పాతిన వెదురుకూ, నీళ్లలోని నీలం డబ్బాకూ మధ్య. పడవ ముక్కు గీత దాటగానే ఈల.

ఆ ఈలకు ఎదురు లేదు. మొదటి ఏడాది ఫోన్లలో వీడియోలు తీసుకుని ఒకరి మీద ఒకరు కలియబడ్డారు. మార్కండేయకు ఒళ్లు మండి, ఫోన్లన్నీ రేకు డబ్బాలో వేయించి మూత పెట్టాడు. "ఊదింది ఊదినట్టే. ఇష్టం లేనోడు రావద్దు" అన్నాడు. ఆనాటి నుంచి ఇప్పటిదాకా ఒక్కరూ నోరెత్తలేదు. మిల్లు పోయాక తన మాటకు విలువున్న చోటు ఆయనకు ప్రపంచంలో అదొక్కటే.

అలాంటి మనిషికి కళ్లు మసకబారాయి.

రెండు కళ్లలోనూ శుక్లాలు, మోతీబిందు అన్నాడు డాక్టరు. ఆపరేషన్లు, మందులు, నెల రోజులు ఎండా దుమ్మూ తగలకూడదు. నెల రోజులు అన్న మాట దగ్గరే మార్కండేయ ఆగిపోయాడు. నెల రోజులు ఈల ఇంకొకరి చేతికివ్వాలి. ఎనిమిది రోజులని మూసిన గేటునే చూశాడాయన. ఒకసారి చెయ్యి జారింది మళ్లీ చేతికి వస్తుందా? "పండుగ పోనీ, వానలు పోనీ" అంటూ ఏడాది గడిపాడు. పడవలు ఆయనకిప్పుడు తెల్లటి మరకలు.

అయినా ఎలా నెట్టుకొచ్చాడంటే, అదృష్టం కలిసొచ్చిందనే చెప్పాలి. హోళీ తర్వాత పందెగాళ్లకు ఒక కొత్త పిచ్చి పట్టుకుంది. గీత దాటగానే ఎవరి పేరు వాళ్లే గొంతు చించుకుని అరవడం. "కైలా...శ్!" "మారో...తి!" బడి పంతులు కూడా పిల్లాడిలా అరిచేవాడు. వీళ్లకేం పుట్టిందిరా అని మార్కండేయ నవ్వుకున్నాడు. లోపల మాత్రం దేవుడికి దండం పెట్టుకున్నాడు. పేరు వినబడితే ఈల ఊదడమే. చూసి ఊదుతున్నాడో, విని ఊదుతున్నాడో ఎవరికి తెలుస్తుంది?

పోయిన బుధవారం దాకా బాగానే సాగింది. ఆనాడు పందెం సగంలో ఉండగా గాలి మళ్లి, ఒడ్డు మీది నుంచి నీళ్ల వైపుకు వీయసాగింది. నలుగురూ ఒడ్డు పట్టుకుని వస్తుంటే, జనాబాయి ఒక్కతే అవతలి వైపుకు తిప్పి, ఎక్కడో ఉన్న గాలిని వెతికి పట్టుకుని, నీలం డబ్బా పక్క నుంచి దూసుకొచ్చింది. వెదురు పక్క నుంచి కైలాశ్ వచ్చాడు. "కైలాశ్!" అన్న కేక చెవిన పడింది. మార్కండేయ ఊదాడు. కైలాశ్ గెలిచాడు, కండె తీసుకున్నాడు. జనాబాయి తెరచాప మడతపెట్టి, తాడు చుట్టుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

షేర్ ఆటోలో ఇంటికి పోతుంటే వత్సల నెమ్మదిగా అంది. "ఏమయ్యా, జనాబాయి ముందు దాటింది."

"ఏందే?"

"మూరెడు ముందు దాటింది. నేను చాయ్ గిన్నె కాడ నిలవడ్డ, గీతకు సూటిగ. ఆమె గూడ తన పేరు ఒర్రింది. గాలి ఆమె మాటను అవతలికి గుంజుకపోయింది. నీకు ఇనవడలే."

మార్కండేయ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. వత్సల అన్నది కళ్లు కనబడలేదని కాదు, వినబడలేదని. ఆయన ఎట్లా ఊదుతున్నాడో ఆమెకు తెలుసన్నమాట.

ఆ వారం ఎట్లా గడిచిందో ఆయనకే ఎరుక. జనాబాయి మూడేళ్లుగా పందెంలో ఉంది. అందరి పడవల కంటే ఆమెదే బరువు, చేపల పడవ కదా. ఒక్కసారి కూడా గెలవలేదు. గెలిచిన ఒక్కనాడు ఆ గెలుపును తానే తీసి ఇంకొకరి చేతిలో పెట్టాడు. తప్పు ఒప్పుకుంటే ఈల పోతుంది. ఒప్పుకోకపోతే ఎవరూ అడగరు, ఊదింది ఊదినట్టే కదా! ఎవరూ కొట్లాడకూడదని పెట్టిన మాట ఇప్పుడు తన తప్పుకు తలుపు గడియలా పనికొస్తోంది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆయనకు సిగ్గేసింది. మింగలేక కక్కలేక ఆరు రోజులు గడిపాడు. ఎద్దులను పూజించే పోలా పండుగ నాడు వత్సల పూరణ్‌పోళీ వడ్డిస్తే సగం తిని చెయ్యి కడిగేసుకున్నాడు. "నెయ్యి తక్కువైందా?" అని వత్సల అడిగింది. "నెయ్యి కాదే, నాకే బుద్ధి తక్కువైంది" అన్నాడు.

బుధవారం వచ్చింది. పొద్దు ఇంకా రెండు బారల ఎత్తున ఉండగానే అయిదుగురూ ఒడ్డుకు చేరారు. పోయిన వారం ఆఖరున వచ్చిన మారోతి కిటిలీ నిండా చాయ్ తెచ్చాడు. గాలి అటూ ఇటూ తన్నుకుంటోంది. మార్కండేయ నూలుపోగు కూడా తియ్యకుండా నేరుగా పోయి తువ్వాల గుంజకు కట్టాడు.

"గాలి కోసమా మామా?" అన్నాడు కైలాశ్.

"గాలి కోసం కాదురా. నా కోసం. జర గీడికి రాండ్రి అందరు."

అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. మార్కండేయ ఈల గుప్పిట్లో పట్టుకుని గబగబా చెప్పేశాడు, ఆగితే మళ్లీ చెప్పలేనని భయం.

"పోయిన బుధవారం గెలిచింది జనాబాయి. కైలాశ్ కాదు. నేను తప్పు ఊదిన. నాకు కండ్లు కనవడ్తలేవు. ఏడాదాయె. మీ పడవలు నాకు కనవడవు. మీరు ఒర్లుతె ఇని ఊదుతున్న. గీ సంగతి మీకు చెప్పలే. దాసిపెట్టిన. జనాబాయీ, నీకు అన్యాయం చేసిన బిడ్డా."

మొదట కదిలింది కైలాశ్. తన పడవ దగ్గరికి పోయి, కండె విప్పుకుని వచ్చాడు.

"నా తెరచాప అడ్డమున్నది మామా. సచ్చినా ఆమె నాకు కనవడలే. దేవుని మీద ఆన." కండె జనాబాయి చేతిలో పెట్టాడు.

వద్దంటుందేమోనని మార్కండేయ భయపడ్డాడు. జనాబాయి వద్దనలేదు. కండెను కొంగుతో తుడిచి, ఎర్రదారం సరిచేసి, "ఏడు దినాలు లేటయింది" అంది. అని నవ్వబోయి మానుకుంది. "బాధయింది మామా. అబద్ధమెందుకు చెప్పాలె? ఆ పొద్దు ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే. మూడేండ్లకు ఒక్క పారి గెలిస్తిని. కని నువ్వు కావాలని చేసే మనిషివి కాదని నాకెర్క."

"ఎర్క అయితే అప్పుడే ఎందుకు అడగకపోతివి?"

జనాబాయి నోరు తెరిచేలోపే మారోతి అందుకున్నాడు. బడి పంతులు కదా, నోట్లో నువ్వుగింజ నానదు.

"అడిగితె నీ కండ్ల ముచ్చట బయట వడ్తదని మామా! మేము పేర్లు వెట్టుకొని ఒర్లుడు ఎందుకనుకున్నవ్? పిచ్చి పట్టి అనుకున్నవా? హోళీ ఎన్క ఒక దినం చాయ్ గిలాస నీ ముంగట వెట్టిన. నువ్వు జానెడు పక్కకు చెయ్యి వెట్టి దేవులాడినవ్. నేను చూడలే. జనాబాయి చూసింది. అందరిని పడవల షెడ్డు ఎన్కకు పిలిచింది. 'వచ్చే పందెం సంది గీత దాటంగనే ఎవ్వల పేరు వాళ్లు గట్టిగ చెప్పాలె. ఎందుకని అడగొద్దు, మామకు తెల్వనియ్యొద్దు' అన్నది."

మార్కండేయ రాయి మీద కూర్చున్నాడు. ఇన్ని నెలలూ అదృష్టమనుకున్నది జనాబాయి ఆలోచన! తన పరువు నిలబెట్టడానికి ఆమె చేసిన ఏర్పాటే, గాలి మళ్లిన ఒక్కనాడు, ఆమె గెలుపునే మింగేసింది. అయినా ఆమె నోరు విప్పలేదు. ఆయనకు ఏడుపు ఆగలేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి అయిదుగురి ముందు తువ్వాల కోసం తడుముకుంటే, అది గుంజకు కట్టి ఉందని గుర్తొచ్చింది. వత్సల తన కొంగు అందించింది.

కళ్లు తుడుచుకుని ఆయన మెడలోంచి ఈల తీశాడు. "ఇగ ఇది మీరే ఎవలన్న పట్టుకోండ్రి. నాతోని కాదు."

"పట్టుకుంటం. నెల దినాలు" అంది జనాబాయి. "అండ్ల నువ్వు ఆపరేషన్ చేయించుకోవాలె. చేయించుకోకపోతె మేము ఒర్లుడు బంద్."

"నెల దినాలు!" మార్కండేయ చేదుగా నవ్వాడు. "మిల్లు గూడ ఎనిమిది దినాలే అన్నది."

అప్పుడు వత్సలకు కోపం వచ్చింది. ఏడాదిగా ఆ ఒక్క మాటనే విని విని విసిగిపోయిన మనిషి. ఈలను ఆయన చేతిలోంచి లాక్కుని తన మెడలో వేసుకుంది. "మిల్లుకు తాళమేసినోడు నీ ఇంట్ల వండుకొని తినలే. నేను నీ ఇంట్లనే ఉంట గద! సీటీ ఎత్తుకొని యాడికి పోత? నెల దాటిన తెల్లారి నేను ఇయ్యకపోతె అడుగు నన్ను!"

అన్నదమ్ములిద్దరూ ఫక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, మార్కండేయ కూడా.

"గంజి పెట్టదు గద సీటీకి?" అన్నాడు కైలాశ్.

"నీ నోటికి పెడ్త" అంది వత్సల.

గుంజకు కట్టిన తువ్వాల ఇంకా అలాగే ఉంది. మారోతి చాయ్ పోశాడు. ఈసారి గ్లాసును మార్కండేయ ముందు పెట్టలేదు, చేతికే ఇచ్చాడు. చాయ్ తాగుతూ ఆయన చెంపను గాలికి ఇచ్చి కూర్చున్నాడు. దానికి కళ్లతో పనేముంది? "ఇప్పుడు పడమటిది. నిలవడది. జర ఆగుండ్రి" అన్నాడు. ఆగారు. కైలాశ్ తొందరపడి పసుపు డబ్బా పడవలోకి ఎక్కించాడు కానీ, మార్కండేయ తల అడ్డంగా ఊపాడు. కొంతసేపటికి గాలి తగ్గి, మళ్లీ నీళ్ల మీది నుంచి చల్లగా, సన్నగా మొదలైంది. "ఇగ ఇది ఉంటది. డబ్బా ఉత్తరంకు వెయ్యుండ్రి, ఇంక జర లోపటికి. ఆఁ, గాడ." తువ్వాల విప్పి భుజాన వేసుకున్నాడు.

వత్సల ఈల ఊదింది. మొదటిసారి కదా, ఊపిరి చాలక సగం కూతే వచ్చింది. రెండోసారి చెవులు దిబ్బెళ్లు పడేలా ఊదింది. అయిదు తెరచాపలూ గాలికి ఎదురుగా వంగాయి.

మార్కండేయ కళ్లు మూసుకుని వెదురు పక్కన నిలబడ్డాడు. గాలి కొంచెం అటు తిరిగినప్పుడల్లా గుడ్డ పటపట కొట్టుకోవడం, తాడు లాగడం, ఎవరో ఎవరినో తిట్టడం వినబడుతూనే ఉన్నాయి. రెండు చుట్లూ ముగిసేసరికి ఎండ పసుపెక్కింది.

"మారో...తి!"

వత్సల ఊదింది. పోయిన వారం ఆఖరున వచ్చిన పంతులు ఇవాళ ముందు! తర్వాత అన్నదమ్ములు, ఒకరి వెనక ఒకరు, పేర్లు అరుస్తూ దాటారు. తర్వాత కైలాశ్, అందరి కంటే గట్టిగా.

వత్సల ఈల దించి ఇటు తిరిగింది. "నాకు మంచిగనే కనవడ్తున్నరు గద! ఇగ ఈ ఒర్లుడెందుకు?"

"నీకు కాదే" అన్నాడు మార్కండేయ. "నాకు చెప్తున్నరు."

ఒక పడవ ఇంకా రాలేదు. బరువైన పడవ, నెమ్మదిగా వస్తోంది. తెరకొయ్యకు కట్టిన కండె టకటకా కొట్టుకుంటున్న చప్పుడు ముందుగా వచ్చింది. వెనకే, నీళ్ల మీదుగా, ఏ తొందరా లేని గొంతు.

"జనాబా...యి! అందరికంటె ఎన్క! వచ్చే బుధవారం చాయ్ నాది మామా!"

గాలి ఒడ్డు వైపే వీస్తోంది. ప్రతి మాటా వినబడింది.